మూడో అంతస్తు కార్డులు

ఏదీ, ఆ కోటు ఇలా పట్రా చూద్దాం. ఇదేనా నీకిచ్చింది? సోమవారం నుంచి ఇది తొడుక్కునేనా మా హోటల్ కౌంటర్లో నిలబడేది? ఊఁ. గుడ్డ మంచిదే. కుట్టు మాత్రం ఎవడో బస్సుకి టైమైపోతున్నట్టు కుట్టాడు. ఇదిగో, ఈ గుండీ చూడు, రెండు రోజుల్లో ఊడి నీ చేతికొస్తుంది. సూదీ దారం తే, మాట్లాడుతూ కుట్టేస్తా. నా కళ్ళకేమొచ్చిందే, దారం ఎక్కించి ఇవ్వు చాలు, మిగతాది నా వేళ్ళే చూసుకుంటాయి. ముప్పై నాలుగేళ్ళు ఆ హోటల్ దుప్పట్లు కుట్టిన వేళ్ళివి. నవ్వకు. నవ్వితే సూది గుచ్చుతా. ఏమడిగావు? మీ తాత గురించా? అవునులే, నువ్వాయన్ని చూడలేదు కదూ. మీ అమ్మ పెళ్ళి కూడా చూడకుండానే పోయాడు. చెప్తా, కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికో కాలు పొట్టి.

ముందు హోటల్ సంగతి చెప్తేగానీ మీ తాత సంగతి నీకర్థం కాదు. ఈ ఊళ్ళో ఎన్ని హోటళ్ళు రాలేదు చెప్పు. స్టేషన్ ఎదురుగా అద్దాలది వచ్చింది, ఇరవై అంతస్తులట, లిఫ్టెక్కితే చెవులు మూసుకుపోతాయట. నది అవతల ఇంకోటి వచ్చింది, దాని డాబా మీదే ఈత కొలను. అబ్బో అన్నారు అందరూ. ఏమైంది? పదేళ్ళు తిరక్కుండా పాతబడిపోయాయి. మనది కట్టి నూటపాతికేళ్ళు. అది ఎప్పుడో పాతబడిపోయింది, దానికింక ఆ భయం లేదు. ఇప్పటికీ చూడు, దాని ముందునుంచి వెళ్ళేవాళ్ళు ఒక్క అడుగు నెమ్మదిస్తారు. మగాళ్ళు కాలర్ సర్దుకుంటారు, ఆడవాళ్ళు జుట్టు సవరించుకుంటారు. నువ్వూ ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు ఆ తిరిగే తలుపు అద్దంలో మొహం చూసుకున్నావా లేదా? ఆఁ, మరి! అదీ దాని మహిమ. లోపలికి అడుగు పెట్టగానే చెప్పుల చప్పుడు మారిపోతుంది, గమనించావా? ఎంత చిన్నమనిషైనా ఆ హాల్లో నడిస్తే తనెవరో పెద్దమనిషి అనిపిస్తుంది. నీళ్ళ బిల్లు కట్టడానికొచ్చి వర్షానికి లోపలికి దూరిన గుమాస్తా కూడా ఆ రాతి మెట్ల దగ్గర నిలబడి చేతులు వెనక్కి కట్టుకుంటాడు, ఆస్తి చూసుకుంటున్నట్టు.

పైన పటారం లోన లొటారం అంటారు కొందరు. మీ చిన్నతాతకి అదో సరదా, ఎప్పుడూ నన్ను దెప్పేవాడు, “వదినా, మీ హోటల్లో ముందు మెట్లు పాలరాయి, వెనక మెట్లు ఇనుము” అని. ఇనుమే. కాదన్నానా? మేమందరం ఆ ఇనప మెట్ల మీదే ఎక్కి దిగాం. కానీ లోపల లొటారం లేదయ్యా, లోపల పని ఉంది అనేదాన్ని. నీకు తెలుసా, ఒక దుప్పటి చిరిగితే మేం పారేసేవాళ్ళం కాదు. మధ్యలో చిరిగితే రెండుగా కోసి అంచులు మధ్యకొచ్చేలా తిప్పి కుట్టేదాన్ని. అది కూడా పోతే దిండు గలీబులు. గలీబు పోతే చేతి రుమాళ్ళు. రుమాలు పోతే గుడ్డ పీలికలు. ఆ పీలికలతోనే ముందు తలుపు ఇత్తడి పిడి తోమేవాళ్ళు. ఆ పిడి మెరుస్తోందని లోకమంతా మెచ్చుకుంటుంది కదా, దేంతో తోమారనుకున్నావ్? పదిహేనేళ్ళ కిందట ఎవరో మహారాణిలా పడుకున్న దుప్పటితో. అందుకే నాకు ఆ హోటల్ని చూస్తే ఈర్ష్యా లేదు, బెదురూ లేదు. దాని మెరుపులో సగం నా కుట్టు సంచీలోంచి వచ్చిందే.

మిగతా సగం మీ తాతది. ఊరికే అనట్లేదు. ఆయన మూడో అంతస్తు ఇన్‌ఛార్జి. ముప్పై అయిదేళ్ళకే అందరూ “మూడో అంతస్తు పెద్దాయన” అనేవాళ్ళు. పెద్ద ఎత్తేం కాదు, నాకంటే రెండు వేళ్ళు పొడుగు, అంతే. కానీ వరండాలో నడిచొస్తుంటే తివాచీ కూడా సర్దుకుని పడుకునేది. ఆయన దగ్గర ఒక చెక్క సొరుగు ఉండేది, అందులో కార్డులు. అరచేతంత మందపాటి కార్డులు, ఒక్కో అతిథికి ఒక్కోటి. కార్డుకి ముందు వైపు వచ్చిన ఆయన గురించి, వెనక వైపు ఆయన వెంట వచ్చినవాళ్ళ గురించి. ఏం రాసేవాడనుకున్నావ్? ఎవరికి ఎన్ని దిళ్ళు, ఎవరికి పరదా ఎంత తెరిచి ఉండాలి, ఎవరికి చెప్పులు మంచానికి ఏ వైపు పెట్టాలి, అవన్నీ. ఒక పాటగత్తెకి మంచానికెదురుగా అద్దం ఉండకూడదు. ఒక జడ్జిగారు స్నానాల తొట్లో కాళ్ళు పెట్టుకుని కాగితాలు చదివేవాడు, ఆయనకక్కడ ఎత్తు పీట వెయ్యాలి. ఇంకొకావిడ సొంత దిండు తెచ్చుకునేది, పోతూ పోతూ పొరపాటున మాది పట్టుకుపోయేది. ప్రతి ఏడూ పొరపాటే! ఆవిడ కార్డు మీద మీ తాత ఏం రాశాడో తెలుసా? “వెళ్ళేటప్పుడు దిళ్ళు చూడొద్దు.” అదీ మర్యాద అంటే.

నాలుగేళ్ళ తర్వాత వచ్చినా, ఆరేళ్ళ తర్వాత వచ్చినా వాళ్ళ గది అచ్చం వాళ్ళు వదిలి వెళ్ళినట్టే ఉండేది. తలుపు తీయగానే వాళ్ళు ఒక్క క్షణం ఆగిపోయేవాళ్ళు. నేను చాలాసార్లు తువాళ్ళ బండి వెనకాల నిలబడి చూశాను ఆ మొహాలు. ఎంత పెద్దవాళ్ళైనా సరే, తప్పిపోయి ఇల్లు దొరికినవాళ్ళలా అయిపోయేవాళ్ళు. బయటివాళ్ళు హాల్లో వేలాడే ఆ దీపాల గుత్తి చూసీ రాతి మెట్లు చూసీ గొప్ప హోటల్ అనుకుంటారు. కాదు. తనని గుర్తు పెట్టుకునే చోటు కోసం మనిషి ఎంత దూరమైనా వస్తాడు. ఇది రాసిపెట్టుకో, కౌంటర్లో పనికొస్తుంది.

ఆ దిండావిడ సంగతి వేరు గానీ, మీ తాతకో నియమం ఉండేది. అతిథి నోటివెంట వస్తేనే కార్డు మీద రాయాలి, అతిథి నోటివెంట వస్తేనే కొట్టెయ్యాలి. మనం ఊహించకూడదు, మన తెలివి వాడకూడదు. “ఏమండీ, ఆ ఎర్రజుట్టాయన ఈమధ్య కుంటుతున్నాడు, పీట వెయ్యరాదా” అంటే, “ఆయన అడిగాడా? అడగలేదు కదా. మనం పీట వేస్తే ‘నువ్వు కుంటడం నేను చూశాను’ అని చెప్పినట్టు” అనేవాడు. నిజమే కదా! ఎంత తెలివైనవాడో అనుకున్నా. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అంటారు చూడు, ఆ రకం. నియమమంటే నియమమే. ఆ నియమమే ఒకసారి ఆయన కొంప ముంచబోయింది. చెప్తా. ఈ గుండీ అయింది, ఇంకోటి ఇటు తిప్పు.

అప్పుడొక కొత్త మేనేజరు వచ్చాడు. ఎప్పుడూ జేబులో కొలత టేపు ఉండేది, అందుకని మేం “టేపు” అనే పిలుచుకునేవాళ్ళం. అద్దాల హోటల్ నుంచి వచ్చాడు. మంచానికీ బల్లకీ మధ్య ఎన్ని అంగుళాలు, తువాలు మడత ఎన్ని అంగుళాలు, అన్నీ కొలిచేవాడు. ఆయన లెక్కలో అన్ని గదులూ ఒకేలా ఉండాలి. మూడో అంతస్తుకొచ్చి చూస్తే ఒక్క గదికీ ఇంకో గదికీ పొంతన లేదు! ఒక చోట అద్దానికి గుడ్డ కప్పి ఉంది, ఇంకో చోట మంచం ఏటవాలుగా ఉంది. ఆయన మొహం ఎలా పెట్టాడో... ఇదిగో ఇలా, నిమ్మకాయ పిండినట్టు. మీ తాతని పిలిచి అందరి ముందూ అన్నాడు, “చూడు పెద్దాయనా, నీ వయసు చూసి ఊరుకుంటున్నా. ఈ కార్డుల వల్ల ఒక్క ఫిర్యాదు రానీ, ఒక్కటంటే ఒక్కటి, సొరుగుతో సహా బాయిలర్లో వేయిస్తా. నువ్వు కింద సామాన్ల గదిలో పెట్టెలు మోసుకుంటూ కూర్చుందువుగాని” అని. మీ తాతకి అప్పటికి నలభై ఏడు. ఇరవై నాలుగేళ్ళు రాసిన కార్డులవి. ఆ రోజు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అలాగే లేచాడు. “ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చండీ” అన్నా. “ఉద్యోగం కాదే, నేను పోతాను” అన్నాడు. ఎప్పుడూ అలా మాట్లాడే మనిషి కాదు.

సరిగ్గా అప్పుడే వచ్చిందమ్మా ఉత్తరం. ఎవరి దగ్గర్నుంచి? గడియారాలాయన అని ఒకాయన ఉండేవాడు, గోడ గడియారాల ఫ్యాక్టరీ ఉండేది. ప్రతి ఏడూ నాలుగు రోజులు భార్యని తీసుకుని వచ్చేవాడు, మూల గదిలోకి. మూడో అంతస్తులో అన్నింటికంటే మంచి గది అది, కిటికీలోంచి నదీ పడవల రేవూ అంతా కనిపిస్తాయి. ఆయన కార్డు మా అందరికీ కంఠతా. గడియారాలు అమ్ముకుని బతికేవాడికి టిక్కుటిక్కు వింటే నిద్ర పట్టదట! అందుకని గదిలో గడియారం ఆపెయ్యాలి. కిటికీ పక్క మంచం ఆయనది. రెండు గట్టి దిళ్ళు. కిటికీ దగ్గర వాలు కుర్చీ, దాని ముందు కాళ్ళ పీట. పరదా మూడు వేళ్ళంత తెరిచి ఉండాలి, అంతకు మించి వెలుతురు పనికిరాదు. చదువుకోడానికి పసుపు దీపం, కుర్చీకి ఎడం పక్క. ఇరవై రెండేళ్ళు వచ్చారు. ఆయన గొంతు వరండా చివరికి వినపడేది. ఆవిడ గొంతు, ఒట్టు పెట్టి చెప్తున్నా, నేను ఒక్కసారీ వినలేదు. సన్నగా, గోడ పక్కనుంచి నడిచేది. తువాళ్ళిస్తే తల ఊపేది.

ఆయన పోయాడని పేపర్లో చూశాం. రెండేళ్ళు ఎవరూ రాలేదు. ఆ మూడో ఏడు ఉత్తరం: అమ్మగారు వస్తున్నారు, ఎప్పటి గదే కావాలి, ఒక్కరే. ఎవరో గుమాస్తా రాసినట్టుంది. మీ తాత ఆ ఉత్తరం చూసుకుని, కార్డు తీసుకుని గది సర్దడం మొదలుపెట్టాడు. నన్ను రెండు మంచాలకీ దుప్పట్లు తెమ్మన్నాడు. ఇనప మెట్ల మీద ఆపి అడిగా, “ఏమండీ, ఒక్కరే అని రాశారు కదా.” “అవును.” “మరి ఆయన మంచం, ఆయన గట్టి దిళ్ళు, ఆ కాళ్ళ పీట, అవన్నీ ఎందుకండీ? చూడగానే ఆవిడ గుండె గుభేలుమనదూ?” ఆయనేమన్నాడో తెలుసా? “కార్డు మార్చమని ఆవిడ చెప్పలేదు. ఎప్పటి గదే అంది. తీసేస్తే ఆయన్ని మనమే గెంటేసినట్టు కాదూ?” అని. నాకు నచ్చలేదు. కానీ ఎదురు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటావా? ఏమో. ఆయన పనిలో ఆయన గొప్పవాడు, నాకేం తెలుసు అనుకున్నా. నీలం దారం కుట్టిన దుప్పట్లు తెచ్చి రెండు మంచాలూ వేశా. నీలం దారమంటే మూడో అంతస్తు, ఎరుపు రెండో అంతస్తు. అదంతా నేను పెట్టిన పద్ధతే. ఇప్పటికీ అలాగే ఉందా చూడు సోమవారం వెళ్ళి.

మధ్యాహ్నం వచ్చింది ఆవిడ. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అంతే. బెల్లు లేదు, పిలుపు లేదు. మీ తాత వరండాలో పదిసార్లు తిరిగాడు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి కబురు: మేనేజరు రావాలి, ఈ గది సర్దినవాళ్ళందరూ రావాలి. టేపు మొహం వెలిగిపోయింది. మెట్లెక్కుతూనే మీ తాత వంక చూసి “బాయిలర్ వేడిగా ఉందో లేదో కనుక్కో” అన్నాడు. ఎంత పొగరు! మంచాలు వేసింది నేను కాబట్టి నన్నూ లాక్కెళ్ళారు. నేను చేతిలో తువాలు నలుపుకుంటూ నడిచాను. మీ తాత మాత్రం కోటు గుండీలన్నీ పెట్టుకుని, సొరుగులోంచి ఆ ఒక్క కార్డు తీసి జేబులో పెట్టుకుని వచ్చాడు.

ఆవిడ మధ్యలో నిలబడి ఉంది. కిటికీ పక్క మంచం వేసింది వేసినట్టే ఉంది, నా మడత కూడా చెదర్లేదు. తలుపు పక్క మంచం మాత్రం నలిగి ఉంది. మేం ఆపేసిన బల్ల మీది గడియారం ఆడుతోంది. ఆవిడే కీ ఇచ్చుకుంది. “ఈ గది ఎవరు సర్దారు?” అంది. అదే మొదటిసారి ఆవిడ గొంతు వినడం. బలే గొంతు, కంచు మోగినట్టు! ఇరవై రెండేళ్ళు ఆ గొంతు ఎక్కడ దాచుకుందో అనిపించింది. టేపు ముందుకొచ్చి “క్షమించాలి మేడమ్, ఇదంతా ఇతని చాదస్తం, ఇవాళే ఈ కార్డులన్నీ” అంటుంటే, “మీరు కాసేపు ఆగండి” అంది. చెయ్యెత్తి, అంతే. ఆగాడు. మీ తాత ఒక అడుగు ముందుకేసి, “నేనేనమ్మా” అన్నాడు. “ఏం చూసి సర్దావు?” “కార్డు చూసమ్మా.” “ఏదీ?” అతిథికి కార్డు చూపించకూడదు, అది ఇంకో నియమం. మీ తాత చెయ్యి జేబు దగ్గరే ఆగిపోయింది. టేపు గదమాయించాడు, “ఇవ్వవయ్యా!” ఇచ్చాడు.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని బయటికే చదివింది. గడియారం ఆపాలి. రెండు గట్టి దిళ్ళు. కాళ్ళ పీట. పరదా మూడు వేళ్ళు. పసుపు దీపం. ముందు వైపంతా నిండిపోయి ఉంది. ఆ తర్వాత కార్డు తిప్పింది. వెనక ఒకే ఒక్క లైను. “భార్య: ఏదైనా ఫర్వాలేదు.” ఆ లైను మీద వేలు పెట్టింది. “ఇది ఎవరు చెప్పారు?” అంది. “అయ్యగారమ్మా. మొదటిసారి వచ్చినప్పుడు మీకేం కావాలని అడిగాను. ఆవిడకి ఏదైనా ఫర్వాలేదు అన్నారు.” “అతిథి చెప్తేనే రాస్తావా?” “అవునమ్మా. అతిథి నోటివెంట వస్తేనే.” “మరి నేను అతిథిని కానా?”

అబ్బా! మీ తాత మొహం నేను చూళ్ళేకపోయాను. ఆవిడేం అరవలేదే. నెమ్మదిగా చెప్పింది: “నిన్న వచ్చి, అలవాటుకొద్దీ తలుపు పక్క మంచం మీదే పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే, మంచి మంచం ఖాళీగా కిటికీ దగ్గరుంది, నేను తలుపు దగ్గరున్నాను. ఎవరూ లేరు, ఎవరూ వద్దన్లేదు, అయినా అక్కడే పడుకున్నాను. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళు వచ్చాను ఈ గదికి. ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో నాకు తెలీదు.” మీ తాత తల వంచి, “తప్పు నాదమ్మా” అన్నాడు. వంకలు చెప్పలేదు, అయ్యగారి మీదికి తొయ్యలేదు. టేపు ఇదే సందని, “వినండి మేడమ్, సాయంత్రం లోపల ఒక్క కార్డు లేకుండా తగలబెట్టిస్తాను” అన్నాడు. అప్పుడు చూడాలి ఆవిణ్ణి! గిరుక్కున తిరిగి, “తగలబెడితే నా మాట ఎక్కడ రాస్తారయ్యా? సగం కార్డు ఖాళీగా ఉంది. పెన్సిల్ తియ్యి” అంది మీ తాతతో.

చెప్పింది తల్లీ, భోజనాల వేళ దాకా చెప్పింది. గడియారం ఆడాలి, చప్పుడుంటే తోడున్నట్టుంటుంది. పరదాలు మొత్తం తీసెయ్యాలి. మెత్తటి దిండు, ఒక్కటే. కాళ్ళ పీట తీసి అవతల పారెయ్యండి, ఇన్నేళ్ళు దానికి తట్టుకుని పడుతూనే ఉన్నాను. మంచం కిటికీకి మూరెడు దూరంలో ఉండాలి. “మూరెడంటే ఎంత?” అని టేపు నోరు జారాడు. “మీ దగ్గర టేపుందిగా, కొలవండి” అంది! ఆయన కోటు విప్పి నేల మీద మోకాళ్ళేసి కొలుస్తుంటే, నేను తువాలు నోట్లో కుక్కుకున్నా నవ్వాపుకోలేక. నాలుగు రోజులకని వచ్చిన మనిషి పదకొండు రోజులుంది. వెళ్ళేటప్పుడు హోటల్ యజమానికి ఉత్తరం రాసి వెళ్ళింది, ఆ మూడో అంతస్తు పెద్దాయన్నీ ఆయన సొరుగునీ కదిలిస్తే మళ్ళీ ఈ ఊరు రానని. ఇంకెవడు ముట్టుకుంటాడు! టేపే రెండేళ్ళకి ఇంకో ఊరు వెళ్ళిపోయాడు, పాపం, చెడ్డవాడేం కాదు. మీ తాత మాత్రం ఆ వారమే సొరుగంతా కుమ్మరించి కార్డులన్నీ తిరగేశాడు. నూట అరవై కార్డుల వెనక అదే మాట ఉంది, ఏదైనా ఫర్వాలేదు, ఏదైనా ఫర్వాలేదు అని. అన్నీ రబ్బరు పెట్టి చెరిపి కూర్చున్నాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా ఇద్దర్నీ విడివిడిగా అడిగేవాడు. ఆడవాళ్ళు మొదట బిత్తరపోయేవాళ్ళు. తర్వాత, అబ్బో, కార్డులు చాలేవి కావు.

ఇదిగో నీ కోటు. గట్టిగా లాగి చూడు, కదలదు. ఆఁ, అక్కడే మడిచిపెట్టు. అయిపోలేదే, అసలు సంగతి ఇప్పుడొస్తోంది.

ఆవిడ అలా మాట్లాడిన రోజు సాయంత్రం, మీ తాత ఇంటికొచ్చి ఒక కొత్త కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. “చెప్పు. నీకేం ఇష్టం?” పెళ్ళై పంతొమ్మిదేళ్ళు! మీ అమ్మ పక్కనే పాఠం రాసుకుంటోంది, కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వా. “చాల్లెండి, ఊళ్ళోవాళ్ళయ్యారు, ఇప్పుడు నేనా” అన్నా. “ఊళ్ళోవాళ్ళందరివీ తెలుసు, నీది తెలీదు. చెప్పవే” అన్నాడు. నేను నోరు తెరిస్తే ఏమొచ్చిందో తెలుసా? “ఏదైనా ఫర్వాలేదండీ.” నా నోటివెంటే! నా చెవులతో నేనే విన్నాను. “ఆ మాట ఇంక రాయను” అని పెన్సిల్ కింద పెట్టేశాడు. నాకు కోపమొచ్చింది. గిన్నెల దగ్గరికి వెళ్ళి దబదబా తోమడం మొదలుపెట్టా. ఏడుపొచ్చింది కూడా, నీ దగ్గర దాపరికమేంటి. ఆయన అడగనందుకు కాదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేనందుకు.

మూడు వారాలు ఆ కార్డు ఖాళీగానే ఉంది. రోజూ అడిగేవాడు కాదు, బల్ల మీద పెట్టేవాడంతే. ఒకరోజు ఇద్దరం కూరలు కొనుక్కుని వస్తున్నాం, రోడ్డు మధ్యలో టక్కున ఆగిపోయి అన్నాను, “ఆదివారం పొద్దున్న నన్నెవరూ లేపకూడదు!” వెనకాల సైకిలువాడు నన్ను గుద్దేసేవాడే. చూడు, నా పదేళ్ళప్పట్నుంచి నాలుగింటికి లేవడమే. ముందు మా అమ్మ లేపేది, తర్వాత హోటల్ లాండ్రీ సైరన్ కూత లేపేది, ఆ తర్వాత మీ అమ్మ ఏడ్చి లేపేది. నా అంతట నేను కళ్ళు తెరిచిన రోజు ఒక్కటీ లేదు. మీ తాత ఇంటికెళ్ళి కార్డు మీద రాశాడు, ముత్యాల్లాంటి అక్షరాలు: “ఆదివారం లేపకూడదు. తనంతట తనే లేవాలి.” రాసి వంటింటి గోడకి తగిలించాడు.

తొమ్మిదేళ్ళు, ఒక్క ఆదివారం తప్పలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్ళేవాడు. తలుపు దగ్గరికి వేసేవాడు. ఎవరైనా వస్తే వీధిలోనే నిలబెట్టి మాట్లాడి పంపేవాడు. ఒకసారి పెద్ద వాన, కప్పు కారి వంటిల్లంతా నీళ్ళు. నేను లేచేసరికి ఉన్న గిన్నెలన్నీ నేల మీద పరిచి, చుక్క చప్పుడు కాకుండా ఒక్కో గిన్నెలో ఒక్కో గుడ్డ వేసి పెట్టాడు! “మీకు పిచ్చా? కొంప మునిగినా లేపరా?” అన్నా. “కార్డు మార్చమంటావా?” అన్నాడు. నేను మార్చమన్లేదు. మురిసిపోయాను గానీ, మార్చమన్లేదు. అవసరమైతే లేపండి అని ఒక్క ముక్క అంటే రాసుకునేవాడే. అనలేదు.

మీ అమ్మకి అప్పటికి ఉద్యోగం వచ్చి వేరే ఊళ్ళో ఉంది. ఆదివారం. నేను లేచేసరికి ఎనిమిదిన్నర. ఎండ మంచం మీదికొచ్చింది. ఒళ్ళు విరుచుకుని కాసేపు అలాగే పడుకున్నా, కప్పు చూసుకుంటూ. లేచి వంటింటి తలుపు తోశాను. కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి బల్ల అంచు పట్టుకుని ఉంది. రెండో చేత్తో చొక్కా ఇక్కడ, గుండెల దగ్గర, పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు. డాక్టరు చెప్పాడు, ఆరింటికే మొదలై ఉంటుందమ్మా నొప్పి, గంట పైనే టైముంది అని. మంచానికీ ఆ కుర్చీకీ మధ్య ఒక్క తలుపు. గట్టిగా కూడా అక్కర్లేదే, మామూలుగా పిలిస్తే వినపడేంత దూరం. తలుపు మాత్రం దగ్గరికి వేసే ఉంది.

ఎంత హాయిగా నిద్రపోయానో తెలుసా ఆ పూట...

ఏం లేదు. చినుకులు పడుతున్నట్టున్నాయి, డాబా మీద బట్టలున్నాయి చూడు. వెళ్ళు. వెళ్ళవే, తడిసిపోతాయి.